కుస్తీ కోటాలో ఒక్క సీటు

మూసీ అవతల ఉన్న ఆ ఆడపిల్లల కాలేజీలో సీటు రావాలంటే బుర్రన్నా ఉండాలి, బలమన్నా ఉండాలి. నా ఇంటర్ మార్కులు చూసినవాళ్ళెవరూ నాకు బుర్ర ఉందని అనరు. కాబట్టి స్పోర్ట్స్ కోటా. అందులో కుస్తీకి ఒకే ఒక్క సీటు. ఆ సీటుకి ఫీజు లేదు, మధ్యాహ్నం భోజనం వాళ్ళదే, మ్యాట్ వాళ్ళదే, కోచ్ వాళ్ళదే. మా ఇల్లు ఉప్పుగూడ స్టేషన్ పక్కన. మా నాన్న పత్తర్‌గట్టిలో ఒక బట్టల దుకాణంలో గుమాస్తా. రిజల్ట్ వచ్చిన రోజే ఆయన తేల్చేశాడు: ఫీజు లేని సీటు వస్తే చదువు, రాకపోతే లాడ్‌బజార్‌లో తెలిసిన సేఠ్ గాజుల దుకాణంలో కూర్చోవాలి. నాకేమో డిగ్రీ చేసి ఎస్సై పరీక్ష రాయాలని ఉండేది. ఖాకీ బట్టలేసుకుని, బస్సులో చేతులేసే వెధవల్ని సర్కారు ఖర్చుతో తన్నాలని. నవ్వకండి. ఇప్పటికీ అది చెడ్డ కోరిక అని నేననుకోను.

అసలు కుస్తీలోకి నేను వచ్చిందే తన్నులాట వల్ల. నయాపూల్ బస్టాపులో ఒకడు వెనకనుంచి నడుం గిల్లితే, చేతిలో ఉన్న స్టీలు టిఫిన్ డబ్బాతో వాడి మొహం మీద కొట్టాను. ముక్కు పగిలింది. పడ్డాక కూడా కొట్టాను. పండ్ల బండి ఆయన వచ్చి నన్ను ఎత్తి పక్కన పెట్టేదాకా కొడుతూనే ఉన్నాను. ఇంటికొచ్చాక నాన్న నన్ను కొట్టాడు, నేను గోడకి కంచం విసిరాను, అమ్మ మా ఇద్దరినీ తిట్టింది. మర్నాడు నాన్న నా రెక్క పట్టుకుని మా బస్తీ దగ్గర తాలీంకి, అంటే కుస్తీ నేర్పే చోటుకి, తీసుకెళ్ళి ఉస్తాద్ ముందు నిలబెట్టాడు. "దీన్ని ఏమన్న చెయ్యి భాయ్, నాతోని అయితలేదు" అన్నాడు. చెవులు నలిగి ముద్దలైపోయిన ఆ ముసలి పహిల్వాన్ నన్ను పైనించి కిందిదాకా చూసి, ఏమీ అడక్కుండా మట్టిలోకి దిగమన్నాడు.

మట్టిలో అప్పటికే ఒక పిల్ల ఉంది. సైదాబాద్ నుంచి వచ్చేది. వాళ్ళ నాన్న ఏదో ప్రభుత్వ ఆఫీసులో క్లర్కు, కోస్తా నుంచి బదిలీ మీద వచ్చి ఇక్కడే ఉండిపోయిన కుటుంబం. ఈడు నా ఈడే, చదివేదీ నాతో సమానంగానే. కానీ తాలీంలో వయసు లెక్క కాదు. ముందు మట్టి తొక్కినవాళ్ళు పెద్ద. కాబట్టి ఆమె నాకు అక్క. ఆ అక్క మొదటిరోజు చేసిన పని ఏమిటంటే, నా మెడ మీద చెయ్యేసి ముద్దుగా దగ్గరికి లాక్కుని, మొహాన్ని మట్టిలో కుక్కింది. పెదవి చిట్లింది. పళ్ళ మధ్య మట్టి, నెత్తురు. ఏడుస్తానేమో అని ఆగి చూసింది. నేను మట్టి ఉమ్మి ఆమె కాళ్ళ మీదికి దూకాను. ఉస్తాద్ మొదటిసారి నవ్వాడు.

ఆ తర్వాత రెండేళ్ళు మేమిద్దరం మాట్లాడుకున్నది తక్కువ, కొట్టుకున్నది ఎక్కువ. నా మోకాలు ఆమె వాచేలా చేసింది, ఆమె చిటికెనవేలు నేను వంకర చేశాను. పట్టు తప్పు పడితే ఉస్తాద్ వేపబెత్తం పిక్కల మీద పడేది, ఇద్దరికీ సమానంగా పడేది. వాళ్ళమ్మ నిమ్మకాయ పులిహోర ఇద్దరికీ కలిపి ఒకే డబ్బాలో పెట్టి పంపేది, దాని కోసం కూడా కొట్టుకునేవాళ్ళం. నాకు తోడబుట్టిన ఆడపిల్లలు లేరు. ఉంటే ఇలాగే ఉంటారనుకునేదాన్ని.

తాలీంలో ఒక కట్టుబాటు ఉంది. ప్రాక్టీసులో ఎముకలు విరగ్గొట్టుకున్నా పరవాలేదు కానీ, బయట జనం ముందు ఒకే ఉస్తాద్ చేతికింద పెరిగినవాళ్ళు నిజం కుస్తీ పట్టకూడదు. పడితే ఉస్తాద్ పరువు రెండు ముక్కలైనట్టు. పండగ పోటీల్లో అలా జోడీ పడితే ఇద్దరూ చేతులు కలిపి, మట్టి తీసి నుదుటికి రాసుకుని, బరాబర్, అంటే సమానం, అని చెప్పి విడిపోతారు. జనం కూడా చప్పట్లు కొడతారు. సర్కారు పోటీల్లో బరాబర్ లేదు, ఎవరో ఒకరు గెలవాలి. అక్కడ చిన్న పెద్దకి వీపు ఇవ్వాలి. అంటే కాసేపు పట్టినట్టు పట్టి, మెల్లగా తనే వెల్లకిలా పడి రెండు భుజాలూ నేలకి ఆనించాలి. జిల్లా పోటీల్లో ఫైనల్లో నాకు అక్కే ఎదురుపడింది. నేను వీపు ఇచ్చాను. ఆలోచించను కూడా లేదు, గుడిలో చెప్పులు విప్పినంత మామూలుగా ఇచ్చాను. ఆమెకి బంగారు పతకం, నాకు వెండి. ఆ బంగారంతో ఆమె రాష్ట్ర పోటీలకి వెళ్ళింది, అక్కడ నిజంగానే కొట్టి మూడో స్థానం తెచ్చింది. తాలీం అంతా జిలేబీలు పంచాం.

ఇంటర్ అయ్యాక ఇద్దరం ఆ ఒక్క సీటుకే పెట్టుకున్నాం. ఆమెకి మార్కులు నాకంటే మంచివే, కానీ ఆ కాలేజీ గేటు దాటేంత కాదు. వాళ్ళ నాన్నకీ వేరే కాలేజీ ఫీజు భారమే. సీటు ఒకటి, మేమిద్దరం అన్న సంగతి మాకు తెలుసు. దాని గురించి ఒక్కసారి కూడా మాట్లాడుకోలేదు. వేరే పిల్లలు చాలామంది వస్తారు కదా, ఎవరో మా ఇద్దరిలో ఒకర్ని ముందే పడగొడతారులే అని లోపల ఎక్కడో అనుకున్నామేమో. ట్రయల్స్ రోజు ఉస్తాద్ ఇద్దరినీ ఒకే ఆటోలో ఎక్కించుకుని తీసుకెళ్ళాడు.

పొద్దున ఇంటర్వ్యూ. బల్ల వెనక కాలేజీ ఫిజికల్ డైరెక్టర్ మేడం, వైస్ ప్రిన్సిపాల్ మేడం, బయటినుంచి పిలిపించిన ఒక కోచ్ సార్. ఈ కాలేజీలోనే ఎందుకు చేరాలనుకుంటున్నావని అడిగారు. ఫీజు లేదు కాబట్టి అన్నాను. వైస్ ప్రిన్సిపాల్ మేడం ఏదో రాసుకుంది. అక్క లోపలికి వెళ్ళి ఇంగ్లీషులో చక్కగా మాట్లాడటం కిటికీలోంచి వినిపించింది. ఎందుకో నాకు ఒళ్ళు మండింది, ఇంగ్లీషు మీద. తర్వాత పరిగెత్తించారు, దూకించారు, ఎండలో నిలబెట్టారు. మధ్యాహ్నం ఇండోర్ హాల్లో మ్యాట్ మీద కుస్తీలు.

నాకు మొదట తగిలిన పిల్ల శంషాబాద్ వైపునుంచి వచ్చింది, ఎద్దులా ఉంది. నా చెవి కొరికింది. రెఫరీ చూడలేదు. నేను దాని నడుం పట్టి ఎత్తి నెత్తి మీదనించి వెనక్కి విసిరితే మ్యాట్ దద్దరిల్లింది, దానికి కాసేపు ఊపిరి అందలేదు. రెండోదాన్ని గొంతు కింద మోచెయ్యి పెట్టి నొక్కి నొక్కి వెల్లకిలా తిప్పాను. అటువైపు అక్క ఇంకా ఘోరం. ఒకమ్మాయి ముక్కు పగిలి హాలు నేల మీద చుక్కలు చుక్కలుగా నెత్తురు పడితే, ఆయా గోనెసంచితో తుడిచి పోయింది. సాయంత్రానికి మిగిలింది మేమిద్దరమే.

మ్యాట్ మధ్యలోకి వచ్చాం. చేతులు కలిపాం. మట్టి లేదు కాబట్టి మ్యాట్ ముట్టుకుని నుదుటికి పెట్టుకున్నాం. బరాబర్ అని ఇద్దరం ఒకేసారి చెప్పి విడిపోయాం. ఫిజికల్ డైరెక్టర్ మేడంకి అర్థం కాలేదు. అర్థమయ్యాక విజిల్ నోట్లోంచి తీసి, ఇది సెలెక్షన్, పెళ్ళిచూపులు కాదు, పట్టకపోతే ఇద్దరి పేర్లూ కొట్టేస్తాను, ఈ ఏడాది సీటు ఖాళీగా పోతుంది అంది. తాడు అవతల నిలబడ్డ ఉస్తాద్ దగ్గరికొచ్చి, చేతులు కట్టుకుని, ఒక్క తాలీం పిల్లలమ్మా, వీళ్ళు వీళ్ళు పట్టరు, కావాలంటే టాస్ వేసుకోండి అని బతిమాలాడు. ఆయన ఎవర్నయినా బతిమాలడం నేను చూడటం అదే మొదటిసారి. మేడం గడియారం చూసుకుని, మీ తాలీం సంగతులు తాలీంలో చూసుకోండి అంది.

ఉస్తాద్ మా ఇద్దరినీ కాసేపు చూశాడు. తర్వాత వెనక్కి తిరిగి, గోడవైపు మొహం పెట్టి నిలబడ్డాడు. తన పిల్లలు మ్యాట్ మీద ఉండగా ఆయన వీపు తిప్పడం ఎప్పుడూ జరగలేదు. నేను చిన్నదాన్ని, నేనే ఇవ్వాలి, గాజుల దుకాణంలో కూర్చోవాలి, అంతే అనుకున్నాను. నిజంగానే అనుకున్నాను. అక్క నా మొహం చూసి పసిగట్టింది. మెడ పట్టుకునేటప్పుడు చెవి దగ్గర నోరు పెట్టి చెప్పింది.

"నాకు వీపు ఇచ్చావంటే చంపేస్తాను. అడుక్కుని తెచ్చుకున్న సీటు నాకొద్దు."

ఆ మాటకి నాలో ఏదో తెగింది. విజిల్ పడింది.

తల తలకి గుద్దుకుని నా కనుబొమ్మ చిట్లింది. ఆమె నా కాలు లాగింది, నేను మొహం మీద పడ్డాను. వీపు మీద మోకాలు పెట్టి, ముంజేతిని నా నోటికి అడ్డంగా వేసి తల వెనక్కి విరిచింది. పెదవులు పళ్ళకి నలిగి నోరంతా ఉప్పగా అయింది. రెండేళ్ళలో ఆమె నన్ను అలా పట్టలేదు. ఆమె బలం ఎంతో నాకు అప్పుడు తెలిసింది. ఇన్నాళ్ళూ నన్ను కాచిందన్న సంగతి కూడా తెలిసింది. దానికి నాకు ఇంకా కోపం వచ్చింది. మెలి తిరిగి లేచి గడ్డం కింద తలతో కొట్టాను. ఆమె నాలుక కరుచుకుంది. ఇద్దరి నెత్తురూ ఒకరికొకరికి పూసుకుని చేతులు జారుతున్నాయి. కోచ్ సార్ ఒకసారి ఆపి నా కనుబొమ్మకి గుడ్డ కట్టాడు. మళ్ళీ వదిలాడు. పాయింట్లు ఆమెకే ఎక్కువ. టైం అయిపోతోందని మేడం అరుస్తోంది.

నాకు బాగా వచ్చిన పట్టు ఒక్కటే, ధోబీపాట్. మనిషి చెయ్యి భుజం మీదికి లాగి, చాకిబండకి బట్ట కొట్టినట్టు వీపు మీదనించి ముందుకి కొట్టడం. ఆమె మీదికి వచ్చింది. లాగాను. తిరిగాను. ఆమె గాల్లోకి లేచింది. వెల్లకిలా పడితే సీటు పోతుంది, అది ఆమెకి తెలుసు. పడేటప్పుడు చెయ్యి ఆనించొద్దని మట్టిలోకి దిగిన మొదటిరోజు నుంచీ ఉస్తాద్ బెత్తంతో నేర్పిందే. అయినా ఆనించింది. మోచెయ్యి దగ్గర, కొబ్బరికాయ నేలకేసి కొట్టినట్టు చప్పుడు వచ్చింది. నేను విన్నాను. విన్నా వదల్లేదు. మీద పడి రెండు భుజాలూ మ్యాట్‌కి నొక్కి పెట్టాను, విజిల్ పడేదాకా నొక్కే ఉంచాను. నేను తప్పు చేశానని ఎవరైనా అంటే ఇప్పటికీ ఊరుకోను. ఆమె నా స్థానంలో ఉంటే నొక్కి ఉంచేది. లేకపోతే చెవిలో అన్న ఆ మాటకి అర్థమేముంది?

మేడం నా చెయ్యి పైకెత్తింది. కింద పడ్డ అక్క చెయ్యి వేరే దిక్కుకి తిరిగి ఉంది. అక్క అరవలేదు. మ్యాట్‌ని ఎడంచేత్తో దబదబా బాదింది. ఉస్తాద్ ఇటు తిరిగాడు. పరిగెత్తుకొచ్చి, భుజం మీది తువాలుతో ఆ చేతిని గుండెకి కట్టి, చిన్నపిల్లని ఎత్తినట్టు ఎత్తుకుని ఆటోకి పోయాడు. నన్ను చూడలేదు. సీటు నాదే అనుకుంటూ, మొహం కడుక్కోకుండానే నయాపూల్ దాకా నడిచాను. జనం నాకు దారి ఇచ్చారు.

కొన్ని రోజులకి కాలేజీ బోర్డు మీద పేర్లు పెట్టారు. కుస్తీకి అక్క పేరు. కింద వెయిటింగ్ అని నా పేరు.

నేను సరాసరి ఫిజికల్ డైరెక్టర్ మేడం గదిలోకి వెళ్ళాను. ఆపబోయిన అటెండర్‌ని తోసేశాను. మేడంకి కోపం రాలేదు, అదే నా కడుపు మండించింది. ఓపిగ్గా చెప్పింది. సెలెక్షన్‌లో ఎక్కువ భాగం సర్టిఫికెట్లకి. రాష్ట్ర పతకానికి ఇన్ని, జిల్లా బంగారానికి ఇన్ని, వెండికి తక్కువ. ఆ తర్వాత ఇంటర్ మార్కులు. ఆ తర్వాత ఇంటర్వ్యూ. ట్రయల్ కుస్తీకి అన్నిటికంటే తక్కువ. ఆ పిల్ల ఆ రోజు పొద్దున సర్టిఫికెట్లు ఇచ్చినప్పుడే ఎవరికీ అందనంత ముందుంది, ట్రయల్‌కి వచ్చి మ్యాట్ ఎక్కితే చాలు.

"మరి మాతోని కుస్తీ ఎందుకు పట్టించిన్రు?"

"రూల్‌లో ఉందమ్మా. బౌట్ జరగాలి."

ఆ బంగారం నేనిచ్చిందే అని చెప్పాను. వీపు ఇవ్వడం అంటే ఏమిటో, మా తాలీంలో చిన్న పెద్ద ఏమిటో, అంతా చెప్పాను. నా గొంతు నాకే అసహ్యంగా వినిపించింది. మేడం అంతా విని, నువ్వు ఇచ్చినట్టు ఎక్కడైనా రాసి ఉందా అని అడిగింది. వెటకారం కాదు, నిజంగానే అడిగింది. బయటికొచ్చి వరండాలో వరసగా పెట్టిన పూలకుండీల్ని కాలితో తన్నాను, ఒకటి తర్వాత ఒకటి, బొటనవేలి గోరు లేచేదాకా. వాచ్‌మన్ నా జడ పట్టుకుని గేటు బయటికి ఈడ్చాడు. వాడి చెయ్యి కొరికాను.

నాన్న సేఠ్‌తో మాట్లాడాడు. వచ్చే వారం నుంచి గాజుల దుకాణం. నేను తాలీంకి వెళ్ళి ఉస్తాద్ ఎదురుగా నిలబడి, నువ్వెందుకు గోడ దిక్కు మళ్ళినవ్ అని అడిగాను. ఆయన మట్టి తవ్వుతున్నాడు. పార పక్కన పెట్టాక చెప్పాడు.

"జూస్తే ఆపుతుంటి బేటా. ఆపితే ఇద్దరికీ సీటు పోతుండె."

నేను ఆ పార తీసుకుని తాలీం గోడకేసి కొట్టాను. కర్ర విరిగింది. ఆయన ఆ రోజు బెత్తం కూడా ముట్టలేదు. దెబ్బలు పడితే బాగుండునని నాకు అనిపించింది.

ఇంకా దుకాణానికి వెళ్ళడం మొదలుపెట్టకముందే ఫిజికల్ డైరెక్టర్ మేడం ఫోన్ చేసింది. మొదటి క్యాండిడేట్ మెడికల్‌లో ఫెయిల్ అయింది. మోచేతికి ప్లేట్లు వేశారు, ఈ సీజన్ కాదు కదా, ఇక ఎప్పుడూ మ్యాట్ ఎక్కే పరిస్థితి లేదని డాక్టర్ రాసిచ్చాడు. కోటా సీటు తీసుకున్నవాళ్ళు కాలేజీకి ఆడాలి, అదీ రూలే. వెయిటింగ్‌లో నువ్వే ఉన్నావు, రేపు ఒరిజినల్స్ పట్టుకుని వచ్చెయ్ అంది. ఫోన్ పెట్టాక నేను మా ఇంటి గడప మీద కూర్చుండిపోయాను. గెలిస్తే రాని సీటు అక్క చెయ్యి విరిగితే వచ్చింది. అమ్మ సంతోషంతో నా నెత్తిన చెయ్యి పెడితే విసిరికొట్టాను.

సైదాబాద్ వెళ్ళాను. తలుపు తీసింది వాళ్ళమ్మ. నన్ను చూసింది. చెంప మీద కొట్టింది, మళ్ళీ కొట్టింది, గుమ్మంలోనే, పక్కింటివాళ్ళు చూస్తుండగా. ఆమె చేతి గాజు పగిలి నా చెవి దగ్గర గీసుకుంది. నా మీద చెయ్యి చేసుకున్నవాళ్ళని నేను ఎప్పుడూ వదిలిపెట్టలేదు. ఆ రోజు చేతులు కిందనే ఉంచాను. అది అన్నం కూడా ఎడంచేత్తో తింటోందే, జుట్టు నేను దువ్వాలి, తెలుసా నీకు అని ఆమె ఏడ్చింది. లోపలినుంచి అక్క, అమ్మా దాన్ని రానియ్యి అంది.

మంచం మీద కూర్చుని ఉంది. భుజం నుంచి మణికట్టు దాకా కట్టు. గడ్డం మీద నేను చేసిన గాయం మానుతోంది. కాలేజీవాళ్ళు ఆమెకి ముందే ఫోన్ చేశారట. నేను ఆ సీటు తీసుకోనని చెప్పడానికి వచ్చాను. అదే చెప్పాను. దారంతా ఆ మాట కూడబలుక్కుంటూ వచ్చాను, చెబితే నాకు ఊపిరాడుతుందనుకున్నాను. ఆమె కళ్ళు ఎర్రబడ్డాయి. ఎడంచేత్తో నా చొక్కా కాలర్ పట్టుకుని దగ్గరికి లాగింది. ఆ ఒక్క చేత్తోనే నన్ను కదలనివ్వలేదు.

"వెళ్ళు. నువ్వు వెళ్ళకపోతే నా చెయ్యి ఊరికే విరిగినట్టవుతుంది."

మరి నువ్వేం జేస్తవక్కా అని అడిగాను. అక్క నా కాలర్ వదిలి గోడవైపు తిరిగి పడుకుంది. వాళ్ళమ్మ తలుపు దగ్గరే నిలబడి ఉంది, నేను దాటి వచ్చేటప్పుడు నా వైపు చూడలేదు.

మర్నాడు కాలేజీకి వెళ్ళాను. డాక్టర్ నా మోచేతులు వంచి, చాపి, గుండె విని, ఫిట్ అని రాశాడు. ఫిజికల్ డైరెక్టర్ మేడం నా కాగితాలు ఒక్కొక్కటీ చూసి, చివరిది పట్టుకుని నవ్వింది. ఆ రోజు ఊరికే గొడవ చేశావు, చూశావా, ఆ బౌట్ నీకు చివరికి పనికొచ్చింది అంది. మంచి మాట అన్నాననే అనుకుంది పాపం, నవ్వు నిజంగానే బాగుంది. ఆ నోరు పగలగొట్టాలని నా ఒళ్ళంతా లేచింది. పిడికిలి బల్ల కింద బిగుసుకుంది. అడ్మిషన్ కాగితం ఇంకా ఆమె చేతిలోనే ఉంది, సంతకం ఇంకా పెట్టలేదు.

"థాంక్యూ మేడం" అన్నాను.